ఇరవై ఒకటో షెల్

వరహాలబాబు మెట్లెక్కి వచ్చి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, మంచినీళ్లిస్తే తాగలేదు. చేతిలో ఇంటి తాళాల గుత్తి ఉంది. దానికి వేలి కొసంత ఇత్తడి గొట్టం ఒకటి వేలాడుతోంది. దాన్ని బొటనవేలితో తిప్పుతూనే ఉన్నాడు.

“రేపు పొద్దున్న మా పిల్లని తీసుకెళిపోతారట బాబూ,” అన్నాడు చివరికి. “ఇరవై మూడేళ్ల పిల్ల. జైల్లో ఎట్టీస్తారట. ఏటి సెయ్యాలో తెలీటం లేదు.”

మోండా మార్కెట్ పక్క సందులో, గడియారాలు బాగుచేసే కొట్టు పైన ఉంది ఆ ఆఫీసు. అందులో కూర్చునే హరికిషన్ ఇరవై రెండేళ్లు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఇనుము చెక్కే లేత్ మీద పనిచేశాడు. పక్కనే రేకుల షెడ్డులో రోజంతా సాగే సుత్తి దెబ్బలకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఉద్యోగం వదిలి డిటెక్టివ్ బోర్డు పెడితే, చెవిటివాడికి ఇదేం సరదా అని కాలనీ అంతా నవ్వుకుంది. నవ్వనిది ఒక్క హదస్సా. అదే కాలనీ పిల్ల, ఇప్పుడు అతని అసిస్టెంట్. సార్ పొరబడగా చూసింది కూరగాయల బేరంలో మాత్రమేనని ఆమె నమ్మకం.

“జెర కూసోండి బాబుగారూ. కుడి పక్కకొచ్చి చెప్పుండ్రి, ఎడమ చెవి నాకు పనిజెయ్యదు,” అన్నాడు హరికిషన్. “మొదటికెల్లి చెప్పుండ్రి.”

వరహాలబాబు చెప్పాడు. వాళ్లది విజయనగరం వైపు. రైల్వేలో గుమాస్తాగా వచ్చి లాలాగూడ క్వార్టర్లో ఉంటున్నాడు. కూతురు దేవి పాయింట్ టూ టూ పిస్టల్ షూటర్, రాష్ట్ర పతకాలు తెచ్చిన పిల్ల. యాప్రాల్‌లోని ఒక ప్రైవేటు రేంజ్‌లో మధుసూదన్ అనే కోచ్ దగ్గర నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం ఉదయం పదిన్నరకు, టార్గెట్లు మార్చడానికి కోచ్ ముందుకు వెళ్లాడు. వెనక నుంచి ఒక తూటా వచ్చి వీపులో దిగింది. ప్రాణం ఉంది గానీ ఇంకా మాట్లాడే స్థితి రాలేదు. తూటా దేవి పిస్టల్ నుంచే వచ్చిందని అక్కడున్న ఇద్దరూ చెప్పారు.

“అంతకుముందు వారమే జాతీయ క్యాంపు లిస్టులో మా పిల్ల పేరు రాయలేదని కోచ్‌తో గట్టిగా మాటాడింది. అదే పట్టుకున్నారు బాబూ.”

“ఒక్క మాట అడుగుత. మీ బిడ్డ కాల్చలేదని మీకు నమ్మకమున్నదా?”

“ఉంది,” అన్నాడు వరహాలబాబు. కానీ ఆ మాట రావడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. గొట్టం తిప్పే బొటనవేలు ఆగిపోయింది. అది హదస్సా కూడా చూసింది.

“అదేంది చేతిల?”

“ఇదా? మొదటి పతకం నాటి తూటా షెల్ బాబూ, కాల్చాక మిగిలే ఖాళీ తొడుగు. పదికి పది కొట్టింది దీంతోనే. కన్నం పెట్టించి నాను తాళాలకి తగిలించుకున్నాను.”

హరికిషన్ దాన్ని తీసుకుని, సొరుగులోని భూతద్దంతో అటూ ఇటూ తిప్పి చూశాడు. పొడుగునా సన్నటి గీత ఉంది. అడుగున, అంచు మీద, పిస్టల్ లోపలి పిన్ను కొట్టిన గుండ్రటి నొక్కు ఉంది. తిరిగి ఇచ్చేశాడు.

లాలాగూడ క్వార్టర్ ముందు కెమెరాలవాళ్లు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లు కలిసి యాభై మంది ఉన్నారు. “అక్కా, ఎందుకు కాల్చినవ్?” అని ఎవడో అరుస్తున్నాడు. కిటికీలన్నీ మూసి, పరదాల మీద దుప్పట్లు కూడా కట్టేశారు. పట్టపగలు లైటు వేసుకున్న ఆ గదిలో దేవి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చెవులకు రేంజ్‌లో పెట్టుకునే పెద్ద మఫ్‌లు పెట్టుకుంది. మూడు రోజులుగా తీయలేదట. నిద్రలో కూడా తీయలేదట.

హదస్సా పక్కన కూర్చుని మెల్లగా ఒక చెవి మీది మఫ్ పక్కకు జరిపింది. దేవి ఉలిక్కిపడింది.

“నేను కాల్చలేదక్కా. ఎవరికి చెప్పినా తల ఊపుతున్నారు, నమ్మట్లేదు. ఎటు తిరిగినా గోడే. ఇక జన్మలో పిస్టల్ ముట్టుకోను.”

“ముట్టుకునుడు, ముట్టుకోకపోవుడు తర్వాత సంగతి,” అన్నాడు హరికిషన్. “ఆదివారం ఏం జరిగిందో అది చెప్పు బిడ్డా.”

“నాలుగు సిరీస్‌లు అయ్యాయి సార్, ఐదేసి షాట్లు. కోచ్ సార్ ‘స్టాప్’ అన్నారు. పిస్టల్ తెరిచి, ఖాళీ అని తెలిసేలా లోపల ఎర్ర ఫ్లాగ్ పెట్టి, బల్ల మీద ఉంచాను. పసుపు గీత వెనక్కి వచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అది మా సార్ రూల్. ఆయన ముందుంటే ఎవరూ పిస్టల్ వైపు చూడనైనా చూడకూడదు. అప్పుడు పేలింది.”

“ఏ దిక్కుకెల్లి?”

“తెలీదు సార్. నా తలలోనే పేలినట్టనిపించింది. తిరిగి చూస్తే సార్ కింద పడి ఉన్నారు. పరిగెత్తాను.”

“పిస్టల్‌కు ఈ మధ్యల ఏమన్న మార్పులు చేయించినవా?”

దేవి మొహంలోకి మొదటిసారి కొంచెం ప్రాణం వచ్చింది. ఆ పిస్టల్ గురించి మాట్లాడటం ఆమెకు అంత ఇష్టం మరి. ఈ రకం తూటాలో మందు అంచులో ఉంటుందట. పిన్ను అంచు మీద కొడితేనే పేలుతుందట. అందుకని తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కి సాధన చేస్తే పిన్ను వెళ్లి బారెల్ వెనక అంచునే కొడుతుందట. మొదట్లో అది తెలియక ఇంట్లో వందలసార్లు నొక్కింది. బారెల్ అంచు నొక్కుకుపోయి, బయటికొచ్చే ప్రతి షెల్ మీదా గీత పడేదట.

“అందుకే గురువారం కొత్త బారెల్, మెత్తటి ట్రిగ్గర్ వేయమని రేంజ్‌లో పిస్టల్స్ బాగుచేసే ఓంప్రకాశ్ అన్నకి ఇచ్చాను. శనివారం నాలుగింటికి తీసుకున్నాను. అన్న వెళ్లిపోయాక కోచ్ సార్ అక్కడికక్కడే పిన్ను కూడా మార్చేశారు. పాత పిన్ను మరీ పొడుగు, అదే ఉంటే కొత్త బారెల్ కూడా పాడవుతుందన్నారు.”

“ఓంప్రకాశ్‌కు తెల్వదా?”

“తెలీదు. సోమవారం నేనే చెప్తానులే అన్నారు సార్. ఇదిగో, పాత పిన్ను.” డ్రాయరులోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. దాని మీద కోచ్ చేతిరాత, శనివారం తేదీ ఉన్నాయి. “మార్చిన పాత భాగం పొట్లం కట్టి సొంతదారుకే ఇచ్చేయాలి. అదీ సార్ రూలే.”

“మరి పాత బారెల్ ఏది?”

“ఓంప్రకాశ్ అన్న ఇవ్వలేదు. తుక్కులో పడేశానన్నాడు. సార్ అది విని చాలా కోప్పడ్డారు.”

హరికిషన్ కుడి చెవి గోక్కున్నాడు. అలా గోక్కున్నాడంటే లోపల ఏదో కదిలిందని హదస్సాకి తెలుసు. ఆమె నోట్‌బుక్‌లో ‘పాత బారెల్’ అని రాసి రెండు గీతలు గీసింది.

యాప్రాల్ రేంజ్ తలుపు రెండు పొరల ఇనుపది. లోపలికి వెళ్లి మూసుకుంటే బయటి లోకం ఉన్నట్టే ఉండదు. కిటికీ లేదు, గాలి కూడా యంత్రం లోంచే రావాలి. గోడలకు రబ్బరు షీట్లు. వెనక గోడ దాకా చెక్క అడ్డాలు కట్టి ఐదు బూత్‌లు చేశారు. బూత్‌లో నిలబడితే పక్కవాళ్లు కనిపించరు. మొదటిది దేవిది, రెండోది సాక్షుల్లో ఒకరైన అనుపమది. దేవి బూత్‌కి ఎడమవైపు ఓంప్రకాశ్ వర్క్‌షాప్ గది ఉంది. బాగుచేసిన పిస్టల్‌ను పరీక్షించడానికి ఆ గదికి రేంజ్ వైపు అడుగు వెడల్పు కిటికీ ఒకటి పెట్టారు.

ఇన్‌స్పెక్టర్ శాంతికుమార్ విసుగ్గా ఎదురొచ్చాడు. “రావయ్యా హరికిషన్. ఇందులో నీకు పనేం లేదు. చూడు, సీలు వేసిన ప్యాకెట్. ఆ అమ్మాయి బూత్‌లో ఇరవై ఒక్క షెల్స్ దొరికాయి. ఇరవై కాల్చానని తనే చెప్పింది. ఇంకొకటి ఎక్కడిది?”

“నేను సుత గదే అడుగుతున్న సార్. ఆమె తూటాల డబ్బాల ఎన్ని మిగిలినయ్?”

“యాభైలో ముప్పై ఉన్నాయి. జేబులో విడిగా ఒకటి పెట్టుకుని ఉంటుంది.”

ప్యాకెట్ పారదర్శకమైనదే. తెరవకుండా పైనుంచే హదస్సా భూతద్దంతో ఒక్కో షెల్ అడుగూ చూసింది. పదిహేడోది దగ్గర ఆగింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

“సార్, అన్నిటి నొక్కూ చదరంగా ఉంది. ఈ ఒక్కదానిదే గుండ్రంగా ఉంది.”

“గీత ఉన్నదా దాని మీద?”

“దేని మీదా గీత లేదు సార్.”

“శభాష్,” అన్నాడు హరికిషన్. హదస్సా చెవులు ఎర్రబడ్డాయి.

అనుపమ బొల్లారం వైపు నుంచి వస్తుంది, బ్యాంకులో పని. భయపడుతూనే ఉన్నా గట్టిగా చెప్పింది. “దేవి బూత్ నుంచే సార్, హండ్రెడ్ పర్సెంట్. నా పక్క బూత్ నుంచి క్లియర్‌గా వినిపించింది.”

“చెవులకు ఏముండె నీకు?”

“లోపల ఇయర్ ప్లగ్స్, పైన మఫ్‌లు. మూసిన గదిలో సౌండ్ ఎక్కువని కోచ్ సార్ రెండూ కంపల్సరీ చేశారు.”

“శనివారం కోచ్ ఎవరితోనన్న గొడవపడిండా?”

ఆమె వర్క్‌షాప్ గది వైపు చూసింది. “సాయంత్రం ఓంప్రకాశ్‌ని తిట్టారు. ‘సోమవారం కల్లా అన్నీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టు, లేకుంటే పోలీసుల దగ్గరికి పోత’ అన్నారు. ఏవి తేవాలో తెలీదు సార్.”

రెండో సాక్షి ఓంప్రకాశ్ బేగంపేట మనిషి. నలభై ఐదేళ్లుంటాయి, చేతులకు ఎప్పుడూ గ్రీజే. “సీదా మాట చెప్తున్న సార్. లేత్ మీద పనిల ఉన్న. ఠప్పుమని సౌండొచ్చింది, దేవి బూత్ దిక్కుకెల్లి. ఉరికిన. పిల్ల కోచ్ సాబ్ దిక్కు ఉరుకుతున్నది. పిస్టల్ బల్ల మీద ఉండె, ఫ్లాగ్ కింద పడి ఉండె. ఇంకెవరికన్న తగుల్తదేమోనని పిస్టల్ నేనే పక్కకు పెట్టిన. గింతే. నన్నెందుకు పరేషాన్ చేస్తున్నరు?”

“అందరికన్న ముందు ఆ బూత్‌ల పోయింది నువ్వేనన్నట్టు.”

“మంచికే పోయిన గద సార్!”

హరికిషన్ వర్క్‌షాప్ గదిలోకి వెళ్లి లేత్ ముందు నిలబడ్డాడు. పాత స్నేహితుణ్ని చూసినట్టు దాని మీద చెయ్యి వేశాడు. ఇనుమును పట్టి తిప్పే చక్ వెనక, స్పిండిల్ అనే బోలు ఇరుసు కన్నంలో, చేతులు తుడిచే జిడ్డు దూదివేస్ట్ కూరి ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు. బయటికొచ్చి ఇన్‌స్పెక్టర్ చెవిలో ఏదో చెప్పి, “దేవినీ, వాళ్ల నాయిననూ పిలిపించుండ్రి,” అన్నాడు.

మూడింటికి అందరూ వచ్చారు. వెనక ఇనుప తలుపు మూసుకుంటే దేవి గట్టిగా కళ్లు మూసుకుంది. ఆ తలుపు చప్పుడంటే ఇప్పుడు ఆమెకు జైలే గుర్తుకొస్తోందని మొహం చూస్తే తెలుస్తోంది. వరహాలబాబు కూతురికి రెండు అడుగుల దూరంలో నిలబడ్డాడు, దగ్గరకు వెళ్లలేదు.

“మొదలు ఒక చిన్న ఆట,” అన్నాడు హరికిషన్. “అందరు ప్లగ్స్ పెట్టుకోండ్రి, మఫ్‌లు పెట్టుకోండ్రి. గోడ దిక్కు తిరిగి కండ్లు మూసుకోండ్రి. చప్పుడు ఏ దిక్కుకెల్లి వస్తే ఆ దిక్కు చెయ్యి చూపియ్యుండ్రి. ఇన్‌స్పెక్టర్ సాబ్, మీరు సుత.”

శాంతికుమార్ గొణుక్కుంటూ పెట్టుకున్నాడు. హదస్సా రెండు చెక్క ముక్కలు పట్టుకుని కుడి చివర ఐదో బూత్‌లోకి వెళ్లి ఫట్టున కొట్టింది. అనుపమ చెయ్యి దేవి బూత్ వైపు వెళ్లింది. ఇన్‌స్పెక్టర్ ఏకంగా ఎదురుగోడను చూపించాడు. వర్క్‌షాప్ కిటికీ దగ్గర కొడితే అనుపమ ఐదో బూత్ వైపు చూపించింది. నాలుగోసారికి ఆమె కళ్లు తెరిచి మఫ్ లాగేసింది.

“నాకు తెలియట్లేదు సార్. అయ్యో, మరి ఆ రోజు అంత గట్టిగా ఎలా చెప్పాను?”

“నీ తప్పు గాదమ్మా. చప్పుడు ఎటు నుంచి వచ్చిందో రెండు చెవులు కలిసి చెప్పాలె. నాకు ఒక్కటే చెవి, పదిహేనేండ్ల సంది రోడ్డు మీద హారన్ ఎటు మోగిందో తెల్వక తిప్పలు పడుతున్న. చెవులు కాపాడుకోవాలని పెట్టుకునే ఈ మఫ్‌లు చప్పుడు తగ్గిస్తయి, దాంతోపాటు దిక్కును సుత తీసేస్తయి. కోచ్ పడిపోయిండు, పక్కన దేవి ఉన్నది, వారం కింద కొట్లాట అయింది. మిగిలింది నీ మనసే నింపుకున్నది. ‘నా తలలోనే పేలింది’ అన్న దేవి మాట ఒక్కటే ఇక్కడ నిఖార్సైన సాక్ష్యం.”

“సరే, దిక్కు తెలీదనుకుందాం,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “మరి షెల్?”

“గదే అసలు సంగతి.” హరికిషన్ వరహాలబాబు చేతిలోని తాళాల గుత్తి అడిగి తీసుకున్నాడు. “ఇది పాత షెల్. పాత బారెల్, పాత పిన్ను. ఒంటి మీద గీత, అడుగున గుండ్రటి నొక్కు. ఇగ ఆదివారం దేవి కాల్చిన ఇరవై. కొత్త బారెల్ గాబట్టి గీత లేదు, కొత్త పిన్ను గాబట్టి నొక్కు చదరం. ఇప్పుడు ఇరవై ఒకటోది చూడుండ్రి. గీత లేదు, అంటే కొత్త బారెలే. నొక్కు గుండ్రం, అంటే పాత పిన్ను. ఈ రెండూ కలిసి ఆ పిస్టల్‌ల ఎప్పుడున్నయ్?”

హదస్సా ఆపుకోలేకపోయింది. “గురువారం నుంచి శనివారం నాలుగింటి దాకే సార్! ఆ తర్వాత కోచ్ గారు పిన్ను మార్చేశారు!”

“ఆ మూడు దినాలు పిస్టల్ ఎవరి దగ్గరుండె?”

అందరూ ఓంప్రకాశ్ వైపు తిరిగారు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

“టెస్ట్ చేసిన, అవును. అందరు చేస్తరు. ఒక షెల్ ఆడ పడ్డదేమో, నాకేం ఎరుక?”

“నువ్వు టెస్ట్ చేసేది నీ కిటికీల కెల్లి. షెల్ నీ గదిల పడాలె, దేవి బూత్‌ల గాదు. ఆదివారం కిటికీల కెల్లి కోచ్‌ను కాల్చినవ్. ఆయన రూల్ ప్రకారం ఇద్దరు పిల్లలు గోడ దిక్కు తిరిగున్నరు, చూసేటోళ్లు లేరు. ఎవరినీ ఆపదల పడనీయొద్దని పెట్టిన రూలే ఈ బిడ్డకు సాక్షి లేకుండ చేసింది. తర్వాత ఉరికి ఆమె పిస్టల్‌కెల్లి ఫ్లాగ్ తీసి కింద పారేసినవ్, జేబుల దాచిన టెస్ట్ షెల్ ఆడ వదిలినవ్. ఆ పిస్టల్ షెలే గద, ఎవరు పట్టుకుంటరు అనుకున్నవ్. పిన్ను మారిన సంగతి నీకు తెల్వదు.”

“దేంతోని కాల్చిన? నా దగ్గర పిస్టలే లేదు!”

“దేవి పాత బారెల్‌తోని. మార్చిన భాగం సొంతదారుకు ఇయ్యాలని ఇక్కడ రూల్. నువ్వు బారెల్స్ ఇస్తలేవు. లైసెన్స్ లేని తుపాకులకు తొడిగి అమ్ముకుంటున్నవ్, అసొంటి ఒకదానికే ఈ బారెల్ తొడిగి కాల్చినవ్. కోచ్ ‘అన్నీ తెచ్చి టేబుల్ మీద పెట్టు’ అన్నది గవే. సాబ్, లేత్ వెనక స్పిండిల్‌ల వేస్ట్ కూరి ఉన్నది. లేత్ మీద బతికినోడెవడు గట్ల చెయ్యడు, తిరిగేటప్పుడు చుట్టుకుంటది. లోపల ఏదో దాచితే తప్ప. ఒక్కసారి తీసి చూడుండ్రి.”

శాంతికుమార్ వెళ్లాడు. జిడ్డు దూది బయటికొచ్చింది. దాని వెనకాలే, గుడ్డలో చుట్టిన బెత్తెడు బారెల్ జారి అతని చేతిలో పడింది.

ఓంప్రకాశ్ తలుపు వైపు చూశాడు. రెండు పొరల ఇనుప తలుపు, ముందు ఇద్దరు కానిస్టేబుళ్లు. అతను నేల మీద కూలబడిపోయాడు. “సోమవారం పోలీసుల దగ్గరికి పోత అన్నడు సార్. పదేండ్ల సంది చేస్తున్న పని. ఎటు పోవాల్నో తోచలేదు. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. పక్క బూత్‌ల ఉన్నది, అంతే.”

“పక్క బూత్‌ల ఉన్నది, అంతే,” అని మళ్లీ అన్నాడు హరికిషన్.  అంత కోపంగా హదస్సా అతన్ని ఎప్పుడూ చూడలేదు.

ఓంప్రకాశ్‌ను తీసుకెళ్లాక తలుపు తెరిచే ఉంచారు. యాప్రాల్ రోడ్డు మీద బస్సు హారన్, ఎక్కడో కుక్క అరుపు లోపలికి వచ్చాయి. దేవి మఫ్‌లు తీసి బల్ల మీద పెట్టింది. తండ్రి వైపు తిరిగింది.

“నాన్నా, నిజం చెప్పు. నువ్వు నన్ను నమ్మావా?”

వరహాలబాబు అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు. చెప్పలేకపోయాడు. “లేదమ్మా,” అన్నాడు. “ఆదివారం నాడు నమ్మలేదు. అందరూ ఒకే మాట అంటుంటే... నాను కూడా నిజమే అనీసుకున్నాను. నా తప్పే. నా తప్పే తల్లీ.”

 ఇన్‌స్పెక్టర్ ఇబ్బందిగా దగ్గి, తాళాల గుత్తికున్న షెల్ కూడా సాక్ష్యంగా కావాలన్నాడు. వరహాలబాబు దాన్ని విడదీయబోయాడు, రాలేదు. దేవి వచ్చి గుత్తి అందుకుని, రింగు విప్పి, షెల్ తీసి ఇన్‌స్పెక్టర్ అరచేతిలో పెట్టింది.

“అది మొదటిదమ్మా,” అన్నాడు వరహాలబాబు. కళ్లనిండా నీళ్లు. “పదికి పది.”

దేవి ఖాళీ రింగును తండ్రి చేతిలో పెట్టి, ఆ చేతిని గట్టిగా మూసింది.

“ఉంచు నాన్నా. ఇంకోటి కొడతాను.”